భీమవరం పాత బస్టాండ్ దగ్గరి స్టాటిస్టిక్స్ ట్యూషన్: సంభావ్యత (ప్రాబబిలిటీ) కోసం చేరొచ్చా?

చేరొచ్చు. డిగ్రీలో స్టాటిస్టిక్స్ తీసుకున్నవాళ్లకి, ఎమ్మెస్సీ ఎంట్రన్స్ రాసేవాళ్లకి, ఉద్యోగంలో రోజూ పర్సెంటేజీలతో పని పడేవాళ్లకి బాగా పనికొస్తుంది. ఇంటర్‌తోనే లెక్కలు వదిలేసినవాళ్లకి మొదట్లో కష్టంగా ఉంటుంది. అయినా మానకుండా వస్తే అందుకుంటారు. మోడల్ పేపర్లు బట్టీ పట్టించి మార్కులు తెప్పించే చోటు కావాలంటే మాత్రం ఇది కాదు.

నేను రొయ్యల ల్యాబ్‌లో పనిచేస్తాను. రైతులు హేచరీల నుంచి తెచ్చే సీడ్‌కి, అంటే రొయ్య పిల్లలకి, వైరస్ ఉందో లేదో చూసే పీసీఆర్ టెస్టు చేసి రిపోర్టులిస్తాం. దూరవిద్యలో డిగ్రీ చేస్తున్నాను. అందులో స్టాటిస్టిక్స్ పేపర్ ఉంది కాబట్టి ఈ ట్యూషన్‌లో చేరాను. ఎనిమిది వారాల కోర్సు, శని, ఆదివారాల్లో సాయంత్రం 5 నుంచి 7:30 వరకు. ఫీజు 4,000, రెండు వాయిదాల్లో కట్టొచ్చు. కింద ఎరువుల కొట్టు, మేడ మీద పొడుగాటి గది. చెప్పేది ఒక్క మాస్టారే, ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరయినాయన. వీరవాసరం, పాలకొల్లు, ఉండి, ఆకివీడు నుంచి కూడా పిల్లలు వస్తున్నారు.

ఈ రివ్యూలో సంభావ్యత పాఠాల గురించే ఎక్కువ రాస్తాను. మీన్, మీడియన్, గ్రాఫులు ఎక్కడైనా బాగానే చెబుతారు. సంభావ్యత దగ్గరే పిల్లలు జారిపోతారు. ఇంతకు ముందు వేరే చోట ఇదే పాఠం విన్నాను. అక్కడ మొదటి రోజే "అనుకూల ఫలితాలు బై మొత్తం ఫలితాలు" అని బోర్డు మీద రాసి, కింద ఇరవై లెక్కలు చేయించారు. ఆ సూత్రం ఎప్పుడు పనిచేస్తుందో, ఎప్పుడు పనిచేయదో ఎవరూ చెప్పలేదు. ఈ మాస్టారు అక్కడి నుంచే మొదలుపెడతారు, నాకు నచ్చింది అదే.

మొదటి క్లాసులో బెంచీకి ఒక రూపాయి బిళ్ల, ఒక పాచిక, నాలుగు గవ్వలు ఇచ్చారు. బిళ్ల ఎగరేస్తే బొమ్మ పడే అవకాశం ఎంత? సగం అన్నారు అందరూ. పాచిక మీద 5 పడే అవకాశం? ఆరింట ఒకటి. గవ్వ వెల్లకిలా పడే అవకాశం? చాలామంది "సగమే మాస్టారూ, వెల్లకిలా పడుతుంది, లేకపోతే బోర్లా పడుతుంది, రెండే కదా" అన్నారు. అప్పుడు ఆయన అడిగిన ప్రశ్న: "రేపు వాన పడుతుంది, లేకపోతే పడదు. రెండే కదమ్మా. మరి ఏప్రిల్ నెలలో కూడా రోజూ సగం సగమేనా?"

ఆ తర్వాత గవ్వలు వేయించారు. ఒక్కో బెంచీ ఒకే గవ్వని పట్టుకుని వేస్తూ పోవాలి. పది సార్లకి ఒకసారి, యాభైకి ఒకసారి, వందకి ఒకసారి, రెండు వందలకి ఒకసారి ఎన్ని వెల్లకిలా పడ్డాయో రాసి నిష్పత్తి కట్టాలి. పది సార్ల దగ్గర ఒక బెంచీకి 0.2 వచ్చింది, పక్క బెంచీకి 0.7. వంద దాటేసరికి ఎవరి నిష్పత్తి వాళ్లకి ఒక చోట నిలబడటం మొదలైంది. మా బెంచీ గవ్వ 0.4 చుట్టూ ఆగింది. వెనక బెంచీ వాళ్లది ఇంకొంచెం పైన. ఏ గవ్వ వీపు ఎంత ఉబ్బెత్తుగా ఉంది, నోరు ఎంత వెడల్పుగా ఉంది అన్నదాన్ని బట్టి అది మారుతుంది. చూస్తే చెప్పలేం, వేసి లెక్కపెట్టాల్సిందే.

దీని మీదే రెండు రకాల సంభావ్యత విడదీసి చెప్పారు. బిళ్లకీ పాచికకీ అన్ని ముఖాలూ ఒకేలా ఉంటాయి, ఏ ముఖానికీ మిగతావాటికంటే ఎక్కువ వీలు లేదు. అలాంటి సమసంభవ ఫలితాలు ఉన్నప్పుడే "అనుకూలం బై మొత్తం" చెల్లుతుంది. 1812లో అచ్చయిన తన గ్రంథంలో ఫ్రెంచ్ గణిత శాస్త్రవేత్త లాప్లాస్ స్థిరపరిచిన సంప్రదాయ నిర్వచనం ఇది. గవ్వకి ఆ సమానత్వం లేదు. కాబట్టి ప్రయోగం చేసి, పౌనఃపున్యం, అంటే ఎన్నిసార్లు అలా పడిందో, చూసి చెప్పాలి. ఇది అనుభవం మీద వచ్చే సంభావ్యత. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో డెన్మార్క్‌లో నిర్బంధంలో ఉన్న కెర్రిచ్ అనే గణిత శాస్త్రవేత్త నాణేన్ని 10,000 సార్లు ఎగరేసి లెక్క రాసుకున్నాడట. బొమ్మ 5,067 సార్లు పడింది. సరిగ్గా 5,000 రాలేదు, కానీ నిష్పత్తి 0.5067. మాస్టారు ఇక్కడ ఒక మాట నొక్కి చెప్పారు. ప్రయోగాలు పెరిగేకొద్దీ నిష్పత్తి సగానికి దగ్గరవుతుందే గానీ, బొమ్మలు బొరుసులు సమానం కావు, కావాల్సిన పనీ లేదు. "వరసగా ముగ్గురు ఆడపిల్లలు పుట్టారు, నాలుగో కాన్పులో తప్పకుండా మగపిల్లాడే" అనే మాట మన ఊళ్లలో ఇప్పటికీ వింటాం. గడిచిన కాన్పులకి బాకీ తీర్చే పని నాలుగో కాన్పుకి లేదు. నాకైతే ఈ ఒక్క విషయం ప్రతి ఇంట్లోనూ తెలియాలనిపించింది.

గవ్వల పాఠం అక్కడితో అయిపోలేదు. అష్టాచెమ్మా ఆడినవాళ్లకి తెలుసు, నాలుగూ వెల్లకిలా పడితే చెమ్మా, నాలుగూ బోర్లా పడితే అష్టా. ఒక్కో గవ్వకీ సగం సగం అవకాశం ఉంటే రెండూ పదహారింట ఒకటే. మా గవ్వ లెక్కన చూడండి. వెల్లకిలా 0.4 అయితే, అలాంటివే నాలుగు గవ్వలు ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా పడితే, చెమ్మా పడే అవకాశం 0.4 ని నాలుగు సార్లు గుణించగా 0.0256. అష్టాకి 0.6 ని నాలుగు సార్లు గుణిస్తే 0.1296. అంటే చెమ్మా వందకి రెండు మూడు సార్లు పడితే, అష్టా పదమూడు సార్లు పడుతుంది. అయిదు రెట్లు తేడా! గుణకార సూత్రం బోర్డు మీద రాయకముందే గది మొత్తానికి అర్థమైపోయింది.

మూడో రకం చెప్పినప్పుడు మాస్టారు సంక్రాంతి కోడిపందేల బరుల దగ్గరికి వెళ్లారు. పందేలు చట్టరీత్యా నేరమని ముందే చెప్పి, అక్కడ జనం మాట్లాడే భాషని మాత్రం తీసుకున్నారు. "డేగ మీద పదికి ఏడు వంతులు నమ్మకం" అంటాడొకాయన. డేగ, కాకి అనేవి పుంజుల రకాల పేర్లు, డేగకి ఎదురుగా కాకి ఉందనుకోండి. ఆ రెండు పుంజులూ ఇంతకుముందు ఎప్పుడూ తలపడలేదు, మళ్లీ తలపడవు. సమసంభవం లేదు, లెక్కపెట్టడానికి పాత పందేలూ లేవు. మరి ఆ ఏడు ఎక్కడి నుంచి వచ్చింది? ఆయన నమ్మకం నుంచి. ఇది వ్యక్తిగత సంభావ్యత. దీన్ని ఉత్త ఊహ అని కొట్టిపారేయకూడదు, రామ్సే, డి ఫినెట్టి లాంటి గణిత శాస్త్రవేత్తలు దీనికీ గట్టి పునాది వేశారని చెప్పారు. షరతు ఒక్కటే, తనలో తనకి పొంతన ఉండాలి. పందెం ఎలాగూ తేలుతుంది అనుకుంటే, డేగకి 0.7 ఇచ్చిన మనిషి కాకికి 0.3 ఇవ్వాలి. డేగకి 0.7, కాకికి 0.5 అంటూ రెండు వైపులా కాస్తే, ఏ పుంజు గెలిచినా డబ్బు పోయేది ఆయనకే. ఎలా పోతుందో బోర్డు మీద రూపాయల్లో వేసి చూపించారు.

ఆ తర్వాతే రష్యన్ గణిత శాస్త్రవేత్త కొల్మొగొరొవ్ 1933లో ఇచ్చిన స్వీకృతాలు, అంటే మూల నియమాలు, వచ్చాయి. సంభావ్యత సున్నాకి తగ్గదు. శాంపిల్ ఆవరణ, అంటే వీలున్న ఫలితాలన్నీ కలిపి, మొత్తానికి సంభావ్యత 1. పరస్పర వివర్జిత ఘటనలకి, అంటే ఒకేసారి జరగడానికి కుదరనివాటికి, సంభావ్యతలు కూడుకోవచ్చు. పుస్తకాల్లో ఇవి మొదటి పేజీలోనే వచ్చి పిల్లల్ని భయపెడతాయి. ఇక్కడ గవ్వ, బిళ్ల, పుంజు అన్నీ అయ్యాక వచ్చాయి కాబట్టి, అంకె ఎక్కడి నుంచి వచ్చినా ఈ మూడు నియమాలకీ లోబడాల్సిందే అన్నది తేలిగ్గా ఎక్కింది.

పేకముక్కల క్లాసు కూడా బాగుంది. ఇస్పేటు, ఆఠీను, డైమను, కళావరు అంటే కొత్తగా చెప్పక్కర్లేని ఊరు మనది. రాజు లేదా ఆఠీను వచ్చే అవకాశం అడిగితే 4, 13 కలిపి 17 అంటారు చాలామంది. ఆఠీను రాజుని రెండు సార్లు లెక్కపెట్టాం కాబట్టి 16, అంటే 52లో 16. ఇది ఎక్కడైనా చెబుతారు. కానీ పరస్పర వివర్జిత ఘటనలకీ స్వతంత్ర ఘటనలకీ తేడా ఇంత స్పష్టంగా చెప్పినవాళ్లని నేను చూడలేదు. ఒక ముక్క తీశాం. "రాజు", "రాణి" ఒకేసారి కుదరవు, అవి పరస్పర వివర్జితాలు. మరి స్వతంత్రమా? సగం క్లాసు అవునంది. "రాజు వచ్చిందని నీ చెవిలో చెప్పానమ్మా. ఇప్పుడు రాణి సంగతి నీకు తెలిసిపోలేదూ? ఒకటి తెలిస్తే రెండోది తెలిసిపోతుంటే వాటికి స్వతంత్రం ఎక్కడుంది?" అన్నారు. అదే "రాజు", "ఆఠీను" తీసుకోండి. వచ్చింది ఆఠీను అని చెప్పినా, అది రాజయ్యే అవకాశం పదమూడింట ఒకటే, ముందు ఎంతో ఇప్పుడూ అంతే. ఇవి స్వతంత్రం. డిగ్రీ పరీక్షల్లో ఈ ప్రశ్న దగ్గర మార్కులు పోగొట్టుకునేవాళ్లు ఈ ఒక్క క్లాసుకైనా రావాలి.

రెండు నాణేలు ఎగరేస్తే కనీసం ఒక బొమ్మ పడే అవకాశం మూడింట రెండు వంతులని దలాంబేర్ లాంటి గొప్ప పండితుడే రాశాడని, సరైన జవాబు నాలుగింట మూడు వంతులని చెప్పి, శాంపిల్ ఆవరణ పూర్తిగా రాసుకోకుండా లెక్క మొదలుపెట్టొద్దని గట్టిగా చెప్పారు. ప్రతి హోంవర్కులోనూ అది రాయకపోతే జవాబు సరైనదైనా సగం మార్కులే ఇస్తారు. కొంతమంది పిల్లలు గొణుక్కున్నారు. నాకు మాత్రం ఆ పట్టుదల సరైనదే అనిపించింది.

గోదావరి గురించిన లెక్క వచ్చినప్పుడు గది నిశ్శబ్దమైపోయింది, మా బ్యాచ్‌లో లంక గ్రామాల పిల్లలు కూడా ఉన్నారు మరి. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటింది. 2022 జులైలో 25 లక్షల పైచిలుకు. "ఎనభై ఆరులో వచ్చేసింది కదా, అంత వరద ఇంకో వందేళ్లకి గానీ రాదు" అని పెద్దవాళ్లు ధైర్యం చెబుతుంటారు. వందేళ్ల వరద అంటే వందేళ్లకోసారి వచ్చేది కాదు, ఏ ఏడాదికా ఏడాది వచ్చే అవకాశం వందకి ఒకటి ఉన్నది అని మాస్టారు చెప్పారు. అలాంటి వరద 30 ఏళ్లలో ఒక్కసారైనా వచ్చే అవకాశం ఎంత? అసలు రాకుండా ఉండే అవకాశం ముందు కట్టాలి. 0.99 ని ముప్పై సార్లు గుణిస్తే సుమారు 0.74. ఒకటిలోంచి తీసేస్తే 0.26. ఇల్లు కట్టుకోవడానికి తీసుకున్న అప్పు తీరేలోపు నాలుగింట ఒక వంతు అవకాశం! గట్టు పక్కన పునాది ఎంత ఎత్తు వేసుకోవాలో ఆలోచించేవాళ్లకి ఈ అంకె తెలిసి ఉండాలి.

నా ఫీజు మొత్తం తిరిగొచ్చేసింది అనుకున్న పాఠం ఇంకొకటి ఉంది. మా ల్యాబ్‌కి వచ్చే రైతులు తరచూ అడుగుతారు: "నెగెటివ్ అని రిపోర్టు ఇచ్చారు కదమ్మా, మరి చెరువులో వైట్ స్పాట్ ఎలా వచ్చింది?" వైట్ స్పాట్ అంటే రొయ్యలకి వచ్చే వైరస్ జబ్బు. ఆ వైరస్ పీతల ద్వారా రావచ్చు, నీటితో రావచ్చు, అవి వేరే దారులు. సీడ్‌లోనే ఉండి మనకి దొరక్కపోవడం ఇంకో దారి. ఇదే మాస్టారిని అడిగాను. ఆయన మరుసటి క్లాసు మొత్తం దానికే ఇచ్చారు. వందకి రెండు రొయ్య పిల్లల్లో వైరస్ ఉందనుకుందాం. లక్షల్లో సీడ్ ఉంటుంది కాబట్టి కొన్ని తీసినంత మాత్రాన ఆ నిష్పత్తి మారదు. (పేకముక్కల్లో అలా కాదు, మొదటి రాజు తీశాక మిగిలేది 51 ముక్కల్లో మూడు రాజులే, అందుకే అక్కడ రెండో లెక్క మారుతుంది.) ఒక పిల్ల తీస్తే అది మంచిదయ్యే అవకాశం 0.98. రెండు తీస్తే రెండూ మంచివయ్యే అవకాశం 0.9604. ముప్పై తీస్తే? 0.98 ని ముప్పై సార్లు గుణించండి, సుమారు 0.545 వస్తుంది. టెస్టులో ఏ లోపమూ లేకపోయినా, చేసిన మనిషి ఎంత జాగ్రత్తగా చేసినా, జబ్బు ఉన్న సీడ్‌కి సగానికి పైగా సార్లు నెగెటివ్ రిపోర్టు వెళ్లిపోతుంది. అదే 150 పిల్లలు తీస్తే ఆ అవకాశం 0.048కి, అంటే అయిదు శాతం లోపుకి పడిపోతుంది.

శాంపిల్‌కి నూట యాభై పిల్లలు కావాలన్న అంకె ఎక్కడి నుంచి వచ్చిందో ఆ రోజు పూర్తిగా తెలిసింది. ఇంకో మాట కూడా చెప్పారు. ఆ 150నీ ఒకే కవర్లోంచి ముంచి తెస్తే ఈ లెక్క చెల్లదు, అన్ని కవర్లలోంచీ కలిసేలా యాదృచ్ఛికంగా తియ్యాలి. ఇప్పుడు ఎవరైనా చిన్న సీసాలో నాలుగు చుక్కల సీడ్ తెస్తే కౌంటర్ దగ్గరే చెబుతున్నాను, "బాబాయ్ గారూ, ఇది సరిపోదండి, అన్ని కవర్లలోంచీ కొంచెం కొంచెం తీసి తెండి" అని. కాగితం మీద ఈ లెక్క వేసి చూపిస్తే కాదన్నవాళ్లు లేరు. ఎకరాలకెకరాలు అప్పు చేసి వనామి రొయ్యలు వేసేవాళ్లకి నెగెటివ్ అన్న మాట వెనక ఎంత బలముందో తెలియడం వాళ్ల హక్కు.

ఇక బాగోలేనివి. అన్నిటికంటే పెద్దది నియత సంభావ్యత (ఒకటి జరిగిందని తెలిశాక ఇంకోదానికి ఉండే అవకాశం), దాని మీద కట్టిన బేయ్స్ సిద్ధాంతం. కోర్సు చివరి రోజున, చివరి అరగంటలో ముగించేశారు. చెప్పినంతలో బాగానే చెప్పారు. వెయ్యి సీడ్ లాట్లలో 20కి జబ్బు ఉందని, టెస్టు జబ్బున్నవాటిలో 95 శాతాన్ని పట్టుకుంటుందని, మంచివాటిలో 5 శాతాన్ని పొరపాటున పాజిటివ్ అంటుందని ఊహించి అంకెలు ఇచ్చారు. జబ్బున్నవాటిలో 19 పాజిటివ్, మంచి 980లో 49 పాజిటివ్. మొత్తం 68 పాజిటివ్‌లలో నిజంగా జబ్బున్నవి 19, అంటే 28 శాతమే. "టెస్టు 95 శాతం కరెక్టు" అన్నదానికీ "పాజిటివ్ వచ్చిన సీడ్‌లో జబ్బు ఉండే అవకాశం 95 శాతం" అన్నదానికీ ఇంత దూరం ఉందని తెలిశాక అడగాల్సిన ప్రశ్నలు చాలా ఉంటాయి. అడిగే టైమే లేదు. పాలకొల్లు, నరసాపురం వెళ్లాల్సిన పిల్లలు అప్పటికే బస్సు టెన్షన్‌లో సంచులు సర్దుకుంటున్నారు. గవ్వలకీ పేకముక్కలకీ ఇచ్చినంత సమయం దీనికీ ఇవ్వాలి. మాస్టారితో చెప్పాను, వచ్చే బ్యాచ్ నుంచి చూస్తామన్నారు.

నోట్సు జెరాక్సులు వెలిసిపోయి ఉంటాయి, భిన్నాల్లో కింది అంకె కనిపించదు. తెలుగు మీడియంలో చదువుకున్న పిల్లలు నలుగురైదుగురు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు. నోట్సేమో ఇంగ్లీషులోనే. క్లాసులో మాస్టారు సమసంభవ, పరస్పర వివర్జిత అని తెలుగు పేర్లతో కూడా చెబుతారు గానీ, కాగితం మీద లేకపోతే ఇంటికెళ్లాక పిల్లలకి ఏం గుర్తుంటుంది? రెండు పేజీల పదాల పట్టిక ఇస్తే చాలు. మెట్లు ఇరుకు, రెయిలింగ్ లేదు, వానాకాలం జాగ్రత్త. ఆడపిల్లలకి బాత్రూమ్ కింద కొట్టువాళ్లని తాళం అడిగి వెళ్లాల్సిందే. ఇంత ఫీజు తీసుకునే చోట ఇది సరి చెయ్యాలి.

గోడ మీద సి.ఆర్.రావు గారి ఫొటో ఉంటుంది. ఆంధ్రా యూనివర్సిటీలో లెక్కల్లో ఎం.ఏ. చేసి, 2023లో ఇంటర్నేషనల్ ప్రైజ్ ఇన్ స్టాటిస్టిక్స్ అందుకున్నాయన. "మన తెలుగాయన ఈ సబ్జెక్టుని ఎక్కడికి తీసుకెళ్లాడో చూడండి" అని మాస్టారు చెప్పినప్పుడు ముందు బెంచీ అమ్మాయి ఒకతె ఆయన పేరు నోట్‌బుక్ అట్ట మీద రాసుకుంది.

కొత్త బ్యాచ్ పరీక్షలు అయ్యాక మొదలవుతుంది. సైంటిఫిక్ కాలిక్యులేటర్ వెంట తీసుకెళ్లండి, ఫోన్ వాడనివ్వరు. డబ్బులు తక్కువైతే మొదటి వాయిదా తగ్గించి తీసుకుంటారు, అడగడానికి మొహమాట పడొద్దు. పాలకొల్లు వైపు నుంచి వచ్చేవాళ్లు ఆదివారం క్లాసు అరగంట ముందు పెట్టమని కలిసి అడిగితే ఒప్పుకుంటారు, మా బ్యాచ్‌లో ఆకివీడు పిల్లల కోసం ఒకసారి మార్చారు. కట్టే ముందు మాత్రం బేయ్స్‌కి ఈసారి ఎన్ని క్లాసులు పెట్టారో అడిగి కట్టండి.